దర్వాజా దగ్గర ఎవరున్నారు?

పోయిన షాబాన్ నెలలో ఒకరోజు మగ్రిబ్ నమాజ్ చదివి ఇంటికి వచ్చేసరికి మా చిన్న చెల్లెలు వచ్చి కూర్చుని ఉంది. బుర్ఖా కూడా తీయలేదు. చాయ్ తెచ్చిపెట్టిన మా బీవీ వంటింట్లోకి వెళ్లేదాకా ఆగి, సంచిలోంచి ఒక ఫోను తీసి నా ముందు పెట్టింది.

"భాయిజాన్, మీరు అఖ్బార్‌లో పనిచేస్తారు. ఇట్లాంటివి మీకు తెలుస్తాయి. ఇదేందో చూడండి. క్యా కర్నా సమజ్ నై ఆరా" అంది. గొంతు వణుకుతోంది.

ఫోను ఆమె కొడుకుది. వాడికి 12 ఏళ్లు, ఏడో తరగతి. హోంవర్కు వాట్సాప్‌లో పంపుతున్నారని స్కూలు కోసం కొనిచ్చిన సెకండ్ హ్యాండ్ ఫోను. తెరిచి చూస్తే నల్లటి పేజీ. మీకు 18 ఏళ్లు నిండాయా అని ఇంగ్లిషులో ఒక సవాల్. కింద రెండు బటన్లు. లోపలికి పొమ్మనేది పెద్దగా, రంగు రంగుగా ఉంది. బయటికి పొమ్మనేది చిన్నగా, బూడిద రంగులో, కళ్లు చికిలిస్తే తప్ప కనబడనంతగా ఉంది. ఆ సైట్ పేరు ఇక్కడ రాయను. రాస్తే దానికే ఫాయిదా.

బహనోయి జెద్దాలో డ్రైవర్. చెల్లెలు ఆయనకు ఫోన్ చేసి చెప్పింది. ఆయన రెండే మాటలు అన్నాడట. ఒకటి, ఇది నీ తర్బియత్. రెండు, ఇంట్లో ఫోన్లన్నీ గుంజుకో. ఆ రాత్రి కొడుక్కి రెండు చెంపదెబ్బలు పడ్డాయి. ఇంటర్ చదువుతున్న కూతురి ఫోను కూడా బీరువాలో పెట్టి తాళం వేశారు. ఆ పిల్లకి ఈ విషయంతో ఏ సంబంధమూ లేదు. అయినా తాళం ఆమె ఫోనుకే ముందు పడింది.

అప్పుడు మా చెల్లెలు నన్నొక మాట అడిగింది. "18 ఏళ్లున్నాయా అని వాళ్లు అడిగారు కదా భాయిజాన్. వీడు ఝూట్ చెప్పి లోపలికి పోయాడు. అంటే కసూర్ వీడిదేనా? వాళ్లది ఏమీ లేదా?"

ఆ రోజు నా దగ్గర సరైన జవాబు లేదు. ఇప్పుడు ఉంది. అది ఒక్క చెల్లెలికే కాదు, చాలామంది తల్లులకు అవసరం కాబట్టి రాస్తున్నాను. నా జవాబు ఇది. ఝూట్ ముందు చెప్పింది పిల్లాడు కాదు. ఆ బటన్ పెట్టినవాడు. అడిగినట్టు నటించి తలుపు తీసేవాడు.

నేను స్కూల్లో ఉన్నప్పుడు మా ఊళ్లో ఒక టాకీస్ ఉండేది. పెద్దలకు మాత్రమే అనే బొమ్మ వచ్చిందంటే పోస్టర్ మీద పెద్ద 'ఏ' అక్షరం. తొమ్మిదో తరగతిలో ఇద్దరు దోస్తులతో కలిసి నేనూ వెళ్లాను. స్కూలు చొక్కా మీద వేరే చొక్కా తొడుక్కున్నాను. గేటు దగ్గర ముసలి గేట్‌మన్ నా మొహం చూశాడు, కాళ్లకున్న స్కూలు బూట్లు చూశాడు, చెవి పట్టుకున్నాడు. "మీ అబ్బాకి చెప్పాలా, నువ్వే పోతావా?" అన్నాడు. మేమే పోయాం.

ఆ గేట్‌మన్ నన్ను వయసెంత అని అడగలేదు. అడిగితే 18 అనే చెప్పేవాణ్ని. అందుకే అడగకుండా చూశాడు. ఆయన పని అడగడం కాదు, ఆపడం. టాకీస్ సేఠ్ ఆయనకు ఆ ఇఖ్తియార్ ఇచ్చాడు. ఎందుకిచ్చాడు? సేఠ్ ఏమీ ఔలియా కాదు. పిల్లలు లోపల దొరికితే తన లైసెన్సు పోతుందన్న డర్. అంతే. మన రాష్ట్రాల్లో 21 ఏళ్లు నిండనివాడికి మందు అమ్మకూడదని కానూన్ ఉంది. దుకాణంవాడు అమ్మితే కేసు దుకాణంవాడి మీదే. కొన్న పిల్లాడు ఝూట్ చెప్పాడు సాబ్ అని అదాలత్‌లో అంటే నవ్వుతారు.

మరి ఇంటర్‌నెట్‌లో మాత్రం ఇదే మాట ఇన్నేళ్లుగా ఎట్లా చెల్లింది?

మన దీన్‌లో దర్వాజా గురించి చాలా నాజూకైన ఒక కాయిదా ఉంది. సూరె నూర్ 58వ ఆయత్. ఇంట్లో పనిచేసేవాళ్లు, ఇంకా బాలిగ్ కాని పిల్లలు మూడు వేళల్లో ఇజాజత్ అడిగి మరీ గదిలోకి రావాలి. ఫజర్‌కి ముందు, మధ్యాహ్నం బట్టలు వదులు చేసుకుని నడుం వాల్చే వేళ, ఇషా తర్వాత. ఆ తర్వాతి ఆయత్ ప్రకారం పిల్లలు బాలిగ్ అయ్యాక ఎప్పుడైనా అడిగే రావాలి. అంటే వయసును బట్టి తలుపు కాయిదా మారుతుంది. చిన్నపిల్లలు చూడకూడనివి పెద్దల జిందగీలో ఉంటాయని, వాటికో తలుపు ఉండాలని 14 సదీల కింద చెప్పిన మాట ఇది.

ఇందులో నన్ను ఆపి ఆలోచింపజేసేది ఇంకొకటి. అడగాల్సింది పిల్లలు. కానీ ఆ ఆయత్ పిలిచేది పిల్లల్ని కాదు, ఈమాన్ ఉన్న పెద్దల్ని. పిల్లలు ఇజాజత్ అడిగేలా చూడాల్సింది మీరే అని. పిల్లాడు అడగకుండా లోపలికి వస్తే ముందు జవాబు చెప్పాల్సింది ఆ ఇంటి పెద్ద. జిమ్మేదారీ తలుపున్నవాడిది.

ఇప్పుడు ఆ సైట్ల తలుపు దగ్గరికి వెళ్దాం. అక్కడ ఎవరున్నారు?

మోడరేటర్ అనే మాట మీలో చాలామంది విని ఉంటారు. జనం పెట్టే ఫోటోలు, వీడియోలు చూసి, ఏది ఉండాలో ఏది తీసేయాలో తేల్చే మనిషి. ఈ పని ఎక్కడో అమెరికాలోనే జరుగుతుందని అనుకోవద్దు. ఫేస్‌బుక్ కోసం ఇట్లా చూసే పని మన హైదరాబాద్‌లోనే ఒక ఔట్‌సోర్సింగ్ ఆఫీసులో జరుగుతోందని 2019లో రాయిటర్స్ రాసింది. ఆ పనిచేసేది మన పిల్లలే. డిగ్రీ చదివి, ఇంగ్లిషు వచ్చి, వేరే నౌకరీ దొరకక చేరినవాళ్లు. మా మొహల్లాలోనూ ఒక కుర్రాడు ఇట్లాంటి పని కొన్నాళ్లు చేశాడు. రాత్రి షిఫ్టు. పొద్దున ఫజర్ వేళకి క్యాబ్ దిగి మస్జిద్ ముందునుంచే నడిచి వెళ్లేవాడు, లోపలికి వచ్చేవాడు కాదు. ఒకరోజు ఆపి అడిగితే, "ఆ కళ్లతోనే నమాజ్‌కి ఎట్లా రావాలి భాయ్" అన్నాడు. తర్వాత మానేసి మొబైల్ దుకాణం పెట్టుకున్నాడు.

అందుకే మోడరేటర్ అనగానే నేను వెంటనే రాయి విసరను. అమెరికాలో తమ కోసం ఈ పనిచేసి మనసు పాడైనవాళ్లకు ఫేస్‌బుక్ 2020లో 5 కోట్ల 20 లక్షల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. అది అమెరికాలో పనిచేసినవాళ్లకే. ఇక్కడ చేసినవాళ్లకు ఆ లెక్కలో చోటు లేదు.

కానీ ఆ కుర్రాడి మీద రహమ్ చూపించి, అతనికి పని చెప్పినవాణ్ని కూడా వదిలేస్తే అది ఇన్సాఫ్ కాదు. ఒక బాత్ వినండి. 2022లో న్యూయార్క్ టైమ్స్ ఒక సంగతి బయటపెట్టింది. అశ్లీల ఫోటోలో ఉన్న మనిషి పిల్లా, పెద్దా అని తేలనప్పుడు పెద్దమనిషి కిందే లెక్కేయమని ఫేస్‌బుక్ తన మోడరేటర్ల ట్రైనింగ్ కాగితాల్లో రాసిందట. ఫేస్‌బుక్ అశ్లీల సైట్ కాదు, నిజమే. కానీ అశ్లీల సైట్ల లోపలి కాగితాలు మన చేతికి రావు. సాఫ్‌గా నడుపుతున్నామని చెప్పుకునే పెద్ద కంపెనీ దగ్గరే కాయిదా ఇట్లా ఉందంటే తక్కిన వాటి సంగతి అందాజా వేసుకోండి.

కంపెనీ దగ్గర దలీల్ ఉంది. పొరపాటున పెద్దవాళ్ల ఫోటోను పిల్లల ఫోటో అని పోలీసులకు పంపితే, బేకసూర్ మనిషి జిందగీ పాడవుతుంది అని. అది కొట్టిపారేసే మాట కాదు. అయినా నా సవాల్ ఒక్కటే. షక్ వచ్చినప్పుడు ఎవరి పక్షాన నిలబడతావు? పోలీసులకు పంపే ముందు ఇంకోసారి చూడు, పైవాళ్లకు చూపించు, అప్పటిదాకా ఆ బొమ్మను కనబడకుండా ఆపు. ఆపడానికి షక్ చాలదా? షక్ ఉన్నదాన్ని వదిలేసి షక్ లేనిదాన్ని పట్టుకోమని మన మదరసాల్లో చిన్నప్పుడే నేర్పుతారు. వాళ్ల కాయిదాలో షక్ ఫాయిదా ఎప్పుడూ సేఠ్‌కే పోతుంది. లోపల చూసే మోడరేటర్‌కి షక్ వస్తే పెద్దమనిషే అనుకో. బయట బటన్ నొక్కింది ఎవరో తెలియకపోతే పెద్దమనిషే అనుకో. రెండు చోట్లా పిల్లాడు లెక్కలో లేడు.

ఇక సేఠ్‌లు ఏళ్లకేళ్లు చెప్పిన బహానా వినండి. రోజూ లక్షల మంది వస్తారు, లక్షల వీడియోలు వస్తాయి, అందరి వయసు ఎట్లా చూస్తాం, నాముమ్కిన్ అని.

2020 డిసెంబర్‌లో ఏం జరిగిందో గుర్తు చేస్తాను. అశ్లీల సైట్లలో చాలా పెద్దదైన ఒకదాని మీద న్యూయార్క్ టైమ్స్‌లో నికొలస్ క్రిస్టాఫ్ ఒక వ్యాసం రాశాడు. మైనర్ ఆడపిల్లల వీడియోలు అందులో ఎట్లా ఉన్నాయో, తీసేయమని బతిమాలినా మళ్లీ మళ్లీ ఎట్లా ఎక్కుతున్నాయో ఆ అమ్మాయిల మాటల్లోనే రాశాడు. వారం తిరిగేలోపు వీసా, మాస్టర్‌కార్డ్ కంపెనీలు ఆ సైట్‌లో తమ కార్డులు పనిచేయకుండా ఆపేశాయి. ఆ వెంటనే ఆ సైట్ తన దగ్గరున్న వీడియోల్లో సగానికి పైగా తీసి పక్కన పెట్టింది. ఎవరు పెట్టారో రుజువు లేనివన్నీ ఒక్క దెబ్బకు మాయం. ఇక మీదట గుర్తింపు రుజువైనవాళ్లే వీడియో పెట్టాలని కొత్త కాయిదా.

ఏళ్ల తరబడి నాముమ్కిన్ అన్న పని పది రోజుల్లో ముమ్కిన్ అయింది. మధ్యలో కొత్త మెషిన్ ఏదీ పుట్టలేదు. పైసా ఆగింది. అంతే. ఆ రోజు నుంచి చేతకాదు అనే మాట ఏ సేఠ్ అన్నా నేను నమ్మను.

ఒమెగల్ సంగతీ అంతే. 2009లో అమెరికాలో ఒక 18 ఏళ్ల కుర్రాడు మొదలుపెట్టిన సైట్. తెలియని మనిషితో తెలియని మనిషిని వీడియోలో కలపడం దాని పని. లాక్‌డౌన్‌లో మన పిల్లలు కూడా తమాషాకి అందులోకి వెళ్లారు. అందులో మోడరేటర్లు చూసే భాగం, చూడని భాగం అని రెండు ఉండేవి. చూడని భాగం పెద్దలకు అని రాసి పెట్టారు. ఆపేవాడు మాత్రం లేడు. 11 ఏళ్ల వయసులో ఆ సైట్ తనను ఒక దరిందాతో కలిపిందని, ఆ తర్వాత ఏళ్ల తరబడి వాడు తనను వాడుకున్నాడని ఒక అమ్మాయి పెద్దయ్యాక కేసు వేసింది. ఆ కేసు రాజీ అయిన కొద్ది రోజులకే, 2023 నవంబర్‌లో సైట్ మూతబడింది. మోడరేటర్లు లేని గది ఒకటి పెట్టడం అంటే గేట్‌మన్ లేని గేటు కట్టడం. అది భూల్‌చూక్ కాదు. తెలిసి చేసిన పని.

ఇప్పుడు కొన్ని ముల్కులు మేల్కొన్నాయి. బ్రిటన్‌లో 2023లో ఆన్‌లైన్ సేఫ్టీ కానూన్ వచ్చింది. 2025 జూలై 25 నుంచి అశ్లీల సైట్లు వయసును గట్టిగా తనిఖీ చేయాల్సిందే. ఉత్త బటన్ చెల్లదని ఆఫ్‌కామ్ అనే నిఘా సంస్థ సాఫ్‌గా చెప్పింది. తప్పితే జుర్మానా కోటీ 80 లక్షల పౌండ్లు లేదా ప్రపంచం మొత్తం మీద వచ్చే ఆమ్‌దనీలో పదో వంతు, ఏది ఎక్కువైతే అది. అమెరికాలో టెక్సస్ రాష్ట్రం ఇట్లాంటి కానూన్ తెస్తే సైట్లవాళ్లు మా ఆజాదీ పోయిందని సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2025 జూన్ 27న ఆరుగురు జడ్జీలు కానూన్ పక్షాన, ముగ్గురు వ్యతిరేకంగా ఫైసలా ఇచ్చారు. కానూన్ నిలబడింది.

మన దగ్గర ఏం జరిగింది? 2015లో 857 సైట్లు ఆపమని హుకూమత్ హుకుం ఇచ్చి, గోల లేవగానే కొద్ది రోజుల్లో వెనక్కి తగ్గింది. 2018లో ఉత్తరాఖండ్ హైకోర్టు ఆదేశం మీద 827 సైట్లు ఆపారు. ఒక అక్షరం మార్చి, చివర తోక మార్చి అవే సైట్లు మళ్లీ వచ్చాయి. తాళం వేసినట్టు అఖ్బార్లలో రాశాం. నేనూ రాశాను. ఆ తాళం ఎన్నాళ్లు ఉందో వెనక్కి వెళ్లి చూసి రాయలేదు. అది మా అఖ్బార్‌వాళ్ల కసూర్.

ఒక వింత చూడండి. 2021 ఐటీ రూల్స్ ప్రకారం ఓటీటీలో పెద్దలకు మాత్రమే అనే సినిమా చూపించాలంటే వయసు తేల్చే నమ్మకమైన ఏర్పాటు ఉండాలి. ముంబైలో ఆఫీసు ఉన్న కంపెనీకి కాయిదా ఉంది. ఎక్కడో దూరంగా కూర్చుని మన పిల్లల ఫోన్లలోకి వచ్చే అశ్లీల సైట్‌కి మాత్రం ఉత్త బటన్ సరిపోతోంది. 2023లో వచ్చిన డేటా కానూన్ 18 ఏళ్లలోపు అందరినీ పిల్లలే అంది. వాళ్ల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల ఇజాజత్ రుజువు కావాలంది, తప్పితే 200 కోట్ల దాకా జుర్మానా అంది. మంచిదే. కానీ అది పిల్లాడి వివరాలను కాపాడే కానూన్. వాడి కళ్లను కాపాడేది కాదు.

ఒక్కచోట మన అదాలత్ గట్టిగా మాట్లాడింది. 2024 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు, పిల్లల మీద జరిగే లైంగిక జుల్మ్ వీడియోలను ఫోన్‌లో దాచుకోవడం కూడా నేరమయ్యే సందర్భాలను విడమర్చి చెప్పింది. అందులో కంపెనీలకూ ఒక మాట ఉంది. అట్లాంటివి కనబడితే తీసేయకుండా, పోక్సో కానూన్ ప్రకారం ఖబర్ ఇవ్వకుండా, మేం మధ్యవర్తులం మాత్రమే అని తప్పించుకోలేరు అని. తెర మీద ఉన్న పిల్లల విషయంలో ఈ మాట వచ్చింది. తెర ముందు ఉన్న పిల్లల విషయంలో కూడా ఇదే మాట రావాలి.

ఇక్కడ మనవాళ్ల నుంచే ఒక భయం వస్తుంది. వయసు తేల్చాలంటే ఆధార్ ఇవ్వాలా? మొహం చూపించాలా? ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. మొహం ఎవరికి ఇస్తున్నామో ఆలోచించాల్సిన కౌమ్ మనది. 2021 లాక్‌డౌన్‌లో హైదరాబాద్ పోలీసులు దారిలో ఆపి మాస్కు తీయమని అడిగి తన ఫోటో తీశారని ఒక సామాజిక కార్యకర్త హైకోర్టు దాకా వెళ్లాడు. కంపెనీల సంగతి చూస్తే, 2025 అక్టోబర్‌లో డిస్కార్డ్ ఒక సంగతి ఒప్పుకుంది. తమ కోసం పనిచేసే ఇంకో సంస్థ దగ్గర చోరీ జరిగి, దాదాపు 70 వేల మంది ఇచ్చిన గుర్తింపు కార్డుల ఫోటోలు బయటపడి ఉండొచ్చని. వాటిలో వయసు రుజువు కోసం ఇచ్చినవే ఉన్నాయి. అశ్లీల సైట్ చేతిలో ఆధార్ కాపీ పెట్టమని నేను ఎవరికీ చెప్పను. అట్లా చెప్పే కానూన్ వస్తే దానికీ ఖిలాఫ్‌గా రాస్తాను.

కానీ దానికి దారి లేదని కాదు. వయసు చూసేవాడు వేరు, తలుపు తీసేవాడు వేరు అయితే సరిపోతుంది. చూసేవాడికి నువ్వు ఏ తలుపు దగ్గరికి పోతున్నావో తెలియకూడదు. తలుపు దగ్గర ఉన్నవాడికి నువ్వెవరో తెలియకూడదు. వాడికి కావాల్సింది 18 దాటిందా లేదా అన్న ఒక్క ముక్క. ఫ్రాన్స్‌లో అశ్లీల సైట్లకు ఈ రెండు పరదాల కాయిదానే పెట్టారు. నన్ను ఆపిన గేట్‌మన్ నా పేరు రాసుకోలేదు, నా ఫోటో దాచుకోలేదు. బూట్లు చూసి పంపేశాడు.

ఇంకో మాట అంటారు. వీపీఎన్ పెట్టుకుని తప్పించుకుంటారు కదా, ఇదంతా బేకార్ అని. బ్రిటన్‌లో కానూన్ వచ్చిన రోజుల్లోనే వీపీఎన్‌ల గిరాకీ విపరీతంగా పెరిగింది, నిజమే. గోడ దూకేవాడు ఉంటాడని గేటు పీకేస్తామా? గోడ దూకే 17 ఏళ్లవాడు వేరు. తెరిచి ఉన్న గేటులోంచి తెలియక నడిచిపోయే 12 ఏళ్లవాడు వేరు. నేను రెండోవాడి గురించి రాస్తున్నాను.

ఇక మన ఇళ్లు, మన మస్జిద్‌లు. పరాయివాళ్లను ఇంత అన్నాక మనల్ని మనం వదిలేస్తే అది మునాఫికత్.

జుమ్మా ఖుత్బాలో ఫోన్ గురించి బయాన్ వచ్చిందంటే చివరికి అది తల్లుల మీదికి, ఆడపిల్లల మీదికి వచ్చి ఆగుతుంది. సూరె నూర్‌లో నజర్ కిందికి దించమనే హుకుం 30వ ఆయత్‌లో ముందు మగవాళ్లకు వచ్చింది. ఆడవాళ్లకు ఆ తర్వాతి ఆయత్‌లో వచ్చింది. మన బయాన్‌లలో ఈ వరస ఎందుకు తలకిందులవుతుంది? కొడుకు తప్పుకి కూతురి ఫోను బీరువాలోకి పోవడం ఏ షరియత్? రేపు ఆ ఆడపిల్లకే ఎవడైనా ఫోటోతో బెదిరింపు పెడితే ఇంట్లో చెప్పుకుంటుందా? చెబితే ముందు పోయేది తన ఫోనే, తన చదువే అని ఆమెకి మనమే నేర్పాం. ఖామోషీ నేర్పి హిఫాజత్ అనుకుంటున్నాం.

మొహల్లా వాట్సాప్ గ్రూపుల అడ్మిన్‌లకూ ఒక మాట. గ్రూపులో ఒకడు పిల్లల అశ్లీల వీడియో పెడితే అడ్మిన్ మీద కూడా కేసు పెట్టారు. 2022లో కేరళ హైకోర్టు ఆ కేసు కొట్టేసింది. అడ్మిన్ చేతిలో మనుషుల్ని చేర్చడం, తీసేయడం తప్ప ఏం లేదు, వేరేవాడి తప్పుకి అతను ముజ్రిమ్ కాడు అని. సరైన ఫైసలా. ఇఖ్తియార్ ఎంతో జిమ్మేదారీ అంత. కానీ తీసేసే ఇఖ్తియార్ నీకుంది కదా భాయ్. చిన్నపిల్లలు ఉన్న ఖాందాన్ గ్రూపులో అర్ధరాత్రి ఎవడో గలీజ్ వీడియో పెడితే, అందరూ చూసీ చూడనట్టు ఉంటే, పొద్దున లేచి గుడ్ మార్నింగ్ పువ్వు పెట్టే అడ్మిన్‌ని నేను ఎరుగుదును. కానూన్ అతన్ని వదిలేసింది. జమీర్ వదిలేస్తుందా?

ఇఖ్తియార్ ఎంతో జిమ్మేదారీ అంత. నేను చెప్పేదంతా ఈ తరాజూలో తూచి చూడండి. 12 ఏళ్ల పిల్లాడికి ఇఖ్తియార్ ఏమీ లేదు. జెద్దా నుంచి వచ్చే డబ్బుతో, సగం ఇంగ్లిషుతో ఇల్లు నడిపే తల్లికి కొంత ఉంది. రాత్రి షిఫ్టు మోడరేటర్‌కి ఇంకొంత ఉంది. అతను షక్ వచ్చినప్పుడు ఆపగలిగితే, ఆపినందుకు నౌకరీ పోదన్న భరోసా ఉంటే, ఇంకా ఎక్కువ ఉంటుంది. అందరికంటే ఎక్కువ ఇఖ్తియార్ సేఠ్‌ది. బటన్ రంగు కూడా తేల్చేది వాడే. ఆ సేఠ్ మీద చేయి వేయగల హుకూమత్‌ది. కానీ మన దగ్గర దెబ్బలు ఈ వరసలో కింది నుంచి మొదలవుతాయి. ముందు పిల్లాడి చెంప, తర్వాత తల్లి తర్బియత్. సేఠ్ దాకా ఎప్పుడూ చేరవు.

అందుకే నా ముతాలబా ఇది. అశ్లీల సైట్‌కి ఉత్త బటన్ చెల్లదని మన కానూన్‌లో కూడా రాయాలి. కాపీలు దాచుకోకుండా వయసు తేల్చాలి. షక్ వస్తే పిల్లాడే అనుకోవాలి, అది మోడరేటర్ కాగితంలో మొదటి లైన్ కావాలి. వినని సైట్‌కి సైట్ పేరు ఆపితే చాలదు, పైసా దారి ఆపాలి. కార్డులు, ప్రకటనలు ఆగితే ఏమవుతుందో 2020లో చూశాం. మోడరేటర్‌కి సరైన తన్‌ఖా, మనసుకి ఇలాజ్, ఆపే హక్ ఇవ్వాలి.

అంతదాకా ఇంట్లో ఉపయోగపడే రెండు సంగతులు రాసి పెట్టుకోండి. పిల్లలకు సంబంధించిన గలీజ్ వీడియో కనబడితే ఎవరికీ ఫార్వర్డ్ చేయొద్దు, చూపించడానికి కూడా. కేంద్ర సైబర్ క్రైమ్ పోర్టల్‌లో పేరు చెప్పకుండానే ఫిర్యాదు చేయొచ్చు. పిల్లలకు ఏ ఆపద వచ్చినా 1098 నంబర్ ఉంది. 18 ఏళ్లలోపు పిల్లల ఫోటో ఎవరైనా నెట్‌లో పెట్టారన్న భయం ఉంటే టేక్ ఇట్ డౌన్ అని ఒక ముఫ్త్ సేవ ఉంది. ఫోటో వాళ్లకు పంపే పని లేదు. దాని గుర్తు ఒకటి తయారై ఒప్పుకున్న సైట్లకు వెళ్తుంది, అక్కడ తీసేస్తారు.

మా చెల్లెలికి ఆ రోజు ఇవ్వలేని జవాబు పోయిన ఇత్వార్ ఇచ్చాను. కొడుకు కసూర్ కొంచెం ఉంది, ఝూట్ ఝూటే, అది నువ్వు మాట్లాడి సరిచేయి, కొట్టి కాదు అన్నాను. నీ కసూర్ లేదు అన్నాను. ఆమె ఏడ్చింది. ఇన్ని నెలల్లో ఆ మాట ఎవరూ ఆమెతో అనలేదట.

తర్వాత మేనల్లుణ్ని పిలిచి నా పక్కన కూర్చోబెట్టుకుని టాకీస్ గేట్‌మన్ కథ చెప్పాను. మామూ కూడా వెళ్లాడా అని వాడి కళ్లు పెద్దవయ్యాయి. "మిమ్మల్ని ఆపేశాడు కదా. నన్ను ఎవరూ ఆపలేదు మామూ" అన్నాడు.

బీరువా తాళం తీయించి మేనకోడలి ఫోను ఆమె చేతిలో పెట్టాకే నేను ఇంటికి బయల్దేరాను.